తడిసిన పుట

ఇత్తడి పలక మీద యాభై మూడు అని చెక్కారు.
యాభై నాలుగు.
నాకు తెలుసు, స్కోరు పుస్తకం నాది.

నెబ్రాస్కాలో మా కాలేజీ ఎంత చిన్నదంటే
ఎడమ కంచె దాటితే ఇంకొకరి మొక్కజొన్న చేను.
డ్వైన్ హావ్లిచెక్ కొట్టిన బంతులు
ఆ చాళ్ళలో ఎన్ని మొలకెత్తకుండా ఉండిపోయాయో
కోత మిషను నడిపే ఓర్విల్‌కే తెలియాలి.
ఏటా అక్టోబరులో ఒక బకెట్ నిండా తెచ్చి
ఆటగాళ్ళ బెంచీ పక్కన పెట్టి
మాట్లాడకుండా పోయేవాడు.

నేను ఫిజిక్సు చదివే పిల్లని.
గంటకి రెండు డాలర్లు,
రెండు పెన్సిళ్ళు, ఒక రబ్బరు, సోడాబుడ్డి కళ్ళజోడు.
ఆట మీద ప్రేమేం కాదు,
లైబ్రరీలో ఖాళీ లేదు.

మొదటి ఏడాది అతని గడుల నిండా 'కే'లే.
బ్యాటు తిప్పి తప్పితే మామూలు 'కే',
తిప్పకుండా నిలబడి అవుటైతే
అటు తిరిగి కూచున్న 'కే'.
ఒక శనివారం వరసగా ఐదు తిరగేసి రాశాను,
అలిగి గోడవైపు మొహం పెట్టిన పిల్లల్లా ఉన్నాయి.
తిరుగు బస్సులో నా వెనక సీట్లోకి వచ్చి
"ఆ తిరగబడ్డవి చూపించు" అన్నాడు.
చూపుడు వేలితో ఒక్కొక్కటీ తడిమాడు.
వేలికి పెన్సిలు మసి అంటింది.
"ఇవి మాత్రం ఇంక రాయించను.
పోతే, తిప్పే పోతాను."

అన్నట్టే పోయాడు, నూట పన్నెండు సార్లు.
ఆ తర్వాతి మూడేళ్ళలో తిరగేసినవి నాలుగే.
అందులో రెండు అంపైర్ పాపం.

మిగతాదంతా ఈ రాత్రి వాళ్ళే చెబుతున్నారు:
జిమ్ములో మడత కుర్చీలు, చల్లారిన చికెన్,
గోడ మీద రంగు వెలిసిన స్లైడులు.
అధ్యక్షులవారు అతని ఇంటిపేరును మూడు రకాలుగా పలికారు.
అల్యూమినియం బ్యాటు చప్పుడు ఏ స్లైడులో వస్తుంది?
వంటింట్లో పళ్ళెం జారిపడ్డట్టు, టంగుమని.
ఊళ్ళో కుక్కలు కూడా అటు చూసేవి.

రెండు వేసవులు ఎక్కడో చిన్న లీగులో ఆడి
భుజం పాడయి వచ్చేశాడు.
ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కాడు.
మైకు ముందు ఎక్కువ మాట్లాడలేదు.
"ఓర్విల్ ఉంటే బాగుండేది,
ఆయనకి కొన్ని బంతులు బాకీ ఉన్నాను" అని దిగిపోయాడు.

నా సంచిలో ఆ పుస్తకం ఉంది.
ఏప్రిల్ నెల, నాలుగో ఇన్నింగ్స్.
పడమట నల్లగా కమ్ముకొస్తోంది, చేను ఇంకా విత్తలేదు.
అతను కొట్టాడు.
అతను రెండో బేస్ చేరేలోపే వాన అందుకుంది.
గంటసేపు చూసి అంపైర్ చేతులెత్తేశాడు.
ఐదు ఇన్నింగ్స్ నిండని ఆట ఆటే కాదట.
జరిగింది జరగలేదట.
కోచ్ ఆ పుట చింపెయ్యమన్నాడు.
నేను చింపలేదు.
సిరా అయితే కరిగిపోయేది, పెన్సిలు కాబట్టి మిగిలింది.

జనం పలచబడ్డాక అతని బల్ల దగ్గరికెళ్ళి
ఉబ్బి, ఆరి, అప్పడంలా ముడుచుకున్న ఆ పుట తెరిచాను.
పలక మీద అంకె తప్పని చెప్పాను.

దూరదృష్టి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
"ఇది నువ్వు చూడలేదుగా లోర్నా" అన్నాడు.
"మూడో బేస్ తిరుగుతూ చూశాను నిన్ను.
తల వంచుకుని పావడా అంచుతో
కళ్ళజోడు తుడుచుకుంటున్నావు."

నిజమే.
నేను టంగుమన్న చప్పుడు విని రాశాను.