అరువు ఖాతా

వాల్దివియాలో జూన్ నెలలో
వాన ఆగిందని ఎవరూ అనరు,
కాస్త తెరిపిచ్చిందంటారు.
ఇవాళ అదీ లేదు.

పడవకి పోగా మిగిలిన అలెర్సె చెక్కతో
కంప్యూటరుకి పెట్టె చేశాను.
రేకుది కొనుక్కోవచ్చుగా, అంది ఒతీలియా.
కొనొచ్చు.
పడవల వడ్రంగిని, నా చేతులకి రేకు పడదు.

బోర్డు ఆమె రొట్టెల కొట్టులోది.
మూలల్లో ఇంకా పిండి.
ఊదితే లేచి నా మీసాల మీద వాలింది.

పాత డిస్కూ ఆమెదే. ఇటుకంత బరువు.
వెనక పళ్లవరసలో గోరంత జంపరు:
ఇటు గుచ్చితే మాస్టర్, అటు గుచ్చితే స్లేవ్.
ఈ పేర్లు పెట్టినవాడెవడో
ఒక్కపూటైనా ఒకరి కింద పనిచేసి ఉండడు.
పట్టకారుతో పీకబోతే జారి
రంపపు పొట్టులో పడింది.
అరగంట వెతికాను, మోకాళ్ల మీద.
దేవుడి ముందు కూడా
అంతసేపు అలా ఉన్నది లేదు.

కొత్త డిస్కు అరచేతిలో ఇమిడింది.
బరువు లేదు, చప్పుడు లేదు,
లోపల తిరిగేదే లేదట.
కదలనిది పనిచేస్తోందని ఎట్లా నమ్మడం?
చెవికి ఆనించుకున్నాను.
వాన వినిపించింది.

"పాతది తుడిచేసి వాడుకో" అంది నిన్న,
"ఏముంది అందులో, పిండి లెక్కలు."

నాలుగు మరలు, నాలుగూ నాలుగు రకాలు.
బిగించి, కరెంటు పెట్టాను.
పాతది గొంతు సవరించుకుంది.
టిక్కు. టిక్కు. ఆపైన సన్నటి రొద.
రొద చెక్కలోకి ఎక్కింది,
చెక్కలోంచి బల్లలోకి,
బల్లలోంచి నా మోచేతుల్లోకి.
కొత్త పడవ మొదటిసారి నీళ్లలో దిగినప్పుడు
అడుగుచెక్క ఇట్లాగే ఏదో అంటుంది.

ఇద్దరిలో ముందు ఎవరు లేవాలో
చెప్పడం మర్చిపోయాను.
పాతదే లేచింది.

గడియారం బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో,
తెర మీద జనవరి ఒకటి, రెండువేల రెండు.
ఎడమవైపు పైన ఒకటే ఫోల్డరు: అరువు.
తెరవకూడదు.
తెరిచాను.

దోన్యా ఎర్మెలిందా, రెండు కిలోలు, పిల్లాడికి జ్వరం.
పాస్కాసియో మాస్టారు, ఆరు కిలోలు, జీతం రాగానే అన్నాడు.
కింద ఇంకో వరస: జీతం రాలేదు.
బెనితో, మూడు కిలోలు, వల కొట్టుకుపోయింది, ఆ మాట ఎత్తొద్దు.
అది మా యార్డు మూసేసిన చలికాలం.
పేరు వెంట పేరు, రొట్టె వెంట రొట్టె,
మా వీధి మొత్తం వరసగా నిలబడింది,
గొడుగుల్లేకుండా.

యాభైమూడో వరసలో నేను.
రోసామెల్, పద్నాలుగు కిలోలు.

అందరివీ తీర్చేశాననుకున్నాను.
అడితి దగ్గర, మేకుల కొట్లో, చివరికి
సారాయి దుకాణంలో కూడా.
పక్క గడిలో, కొట్లో పనిపిల్లకి కాబోలు,
రాసి పెట్టింది:
"తలెత్తి చూడట్లేదు. డబ్బు అడక్కు.
తూకం కాస్త ఎక్కువెయ్యి."

పొయ్యిలో కట్టె విరిగి పడింది.
పాత డిస్కు తన పని తాను చేసుకుంటోంది,
ఏం చూపించిందో దానికేం తెలుసు.

ఆపాను. మళ్లీ పెట్టాను.
నీలం తెరలోకి వెళ్లి వరస మార్చాను:
కొత్తది ముందు, పాతది తర్వాత.
కొత్తది చప్పుడు లేకుండా లేచింది,
తేదీ అడిగింది, చెప్పాను.
తర్వాత పాతదాని పేరు మీద నొక్కితే
ఒక చిన్న కిటికీ వచ్చి
ఉన్నదంతా పోతుంది, సరేనా అంది.

వేలు ఎలుక మీదే ఉండిపోయింది.
కాఫీ చల్లారింది.
కాదు, అని నొక్కాను.

చీకటి పడ్డాక కొట్టుకి వెళ్లాను.
"తుడిచేశావా?"
"ఇంకా తిరుగుతోంది" అన్నాను.
నవ్వింది. మాట మార్చి, ఎంత కావాలంది.
కిలో.
కాటా ముల్లు కిలో దాటి ఆగింది.
ఆమె చూడలేదు.
నేను చూశాను.