దాత అనే గడి

పదకొండు డబ్బాలు దించిపోయింది ట్రాలీ ఆటో.
మీద ఏదో ఓడరేవు ముద్ర,
తడిసి ఆరిన అట్ట వాసన.
"గివన్ని ఎవలు సదువుతరు మేడం?"
సంతకం తీసుకుంట డ్రైవర్ అడిగిండు.

జమ్మికుంట గ్రంథాలయంల
పొద్దుగాల పేపర్ల కోసం నలుగురు పెద్దమనుషులు,
పగలంత గ్రూప్స్ పిల్లలు.
వాళ్లు అడిగే పుస్తకం ఒక్కటే కాపీ ఉంది,
గంటగంటకు చేతులు మారుతది.

డబ్బాలు విప్పిన.
వాకిట్ల పడ్డ మంచు ఎత్తిపోసే తరీకలు.
ఇరవై ఏండ్ల కిందటి ఆదాయపు పన్ను, ఏ దేశానిదో.
కుక్కలకు జుట్టు కత్తిరించుడు, రంగుల బొమ్మలతోని.
విజ్ఞాన సర్వస్వంల ఏడో సంపుటం లేదు;
ఆ అక్షరాలతోని మొదలయ్యేటివి
మా ఊరికి అక్కర రావనుకున్నరేమో.
కోపం చేద్దామనే కూసున్న.
ఒకదాని లోపలి అట్ట మీద పెన్సిల్ రాత,
మేనత్త ఎవరో పుట్టినరోజుకు ఇచ్చినట్టు,
తారీఖు కింద చిన్న పిచ్చుక బొమ్మ.
ఆ పిచ్చుకను ఏమనాలె?

నంబర్లు వేసిన. దాత అనే గడిల
నోరు తిరగని ఆ ఊరి పేరే
నాలుగు వందల పన్నెండు సార్లు.
దుమ్ము దులుపుడు తప్ప
మూడు నెలలు ఎవ్వరు ముట్టలే.

పత్తి సీజన్ ఒడిసినంక
ఫ్యాను కింద కాసేపు కూసుంటనని
హమాలి ఓదెలు వచ్చిండు.
మానేరు అవతలి నీళ్లు ఎరుగనోడు,
ఓడ పనివాళ్ల ముడుల పుస్తకం తీసిండు.
అద్దాలు లేవు; చెయ్యి చాపి దూరం పట్టుకొని
ఇంగ్లీషును ఇడిసిపెట్టి తాడును చదివిండు.
"గిది మాకెర్కే, లారీ మీద బోరాలకు ఏస్తం.
గిది పనికిరాదు, బరువు పడ్డదంటే జారుతది."
నలభై ఆరో పేజీ కాడ మాత్రం సప్పుడు లేదు.
నాలుగు దినాలు వచ్చిండు,
తువ్వాల కొసను ముడేసుకుంట, విప్పుకుంట,
తనల తనే తిట్టుకుంట.

ఐదో దినం ఒక కట్టె తెచ్చి బల్ల మీద పెట్టిండు.
కట్టెకు తొమ్మిది తాడు ముక్కలు, తొమ్మిది తీర్ల ముడులు.
"చివరిది పుస్తకంల లేదు మేడం, మా నాయిన ఏసేటిది.
ఆళ్లకు పంపు. ఉత్తగనే తీసుకుంటే బాగుండదు."

పంపే ఖర్చుకు మా పద్దుల గడి లేదు.
చిరునామా ఉన్న అట్టడబ్బానేమో
జల్లు కొట్టే కిటికీకి అడ్డం పెట్టినం,
ఓడరేవు ముద్ర బయటి దిక్కు.

రిజిస్టర్ తెరిచి తర్వాతి నంబరు వేసిన.
రచయిత: ఓదెలు, వాళ్ల నాయిన కొంరయ్య.
పేజీలు: తొమ్మిది.
భాష కాడ పెన్ను ఆగింది, ఖాళీగనే ఉంచిన.
దాత: ఓదెలు, హమాలి, పత్తి మార్కెట్.

ఇంటికి ఇయ్యబడదు, ఇక్కడనే చూసుకోవాలె.
ముడి విప్పినోళ్లు
మళ్ల ఏసి పోవాలె.