గోడకు కట్టిన చీర

మేకులు కొట్టొద్దని
అడ్వాన్సు తీసుకున్ననాడే చెప్పాడు ఓనరు.
అందుకే కిటికీ చువ్వ నుంచి బీరువా హ్యాండిల్ దాకా
ఒక నైలాన్ తాడు,
తాడు మీద అత్తమ్మ సిద్దిపేట చీర,
నాలుగు బట్టల క్లిప్పులు.

చిలకలగూడలో రెండు గదుల పోర్షన్ మాది.
ఈ గోడకు వానాకాలం ఒక మరక పుడుతుంది,
ఎండాకాలం పొడి రాలుస్తుంది గానీ పోదు.
ఆఫీసు ఇంటికొచ్చిన మొదటి వారం
దాన్నెట్లా దాచాలా అని నేను చూస్తుంటే
పెట్టెలోంచి చీర తీసి ఒళ్లో పడేసింది అత్తమ్మ:
"నువ్వెట్లాగూ కట్టుకోవు.
గోడకన్నా కట్టు."

అప్పట్నుంచి రోజూ తొమ్మిదిన్నరకు
నా తల వెనక గొల్లభామలు బారులు తీరతారు,
నెత్తిన చల్లకుండ, చేతిలో గురిగి.
ఫ్యాను వేస్తే కొంచెం నడుస్తారు కూడా.
"ఆర్ట్ పీసా?" అని అడిగింది ఓసారి మెల్‌బోర్న్ క్లయింటు.
అవునన్నాను.
ఆర్టు వెనక ఉల్లిగడ్డల బుట్ట ఉంది,
ఖాళీ సిలిండర్ ఉంది.

మిగతావాళ్ల వెనకలన్నీ నాకు కంఠస్థం.
దిల్షాద్ వెనక అంతా మసక.
టోలీచౌకిలో ఆమె ఇల్లు ఎట్లుంటుందో తెలియదు,
ఆ మసకలోంచి అప్పుడప్పుడు
ఒక చిన్న చెయ్యి మొలిచి
ఆమె చెవికమ్మ పట్టుకుని లాగుతుంది.
నిఖిలేశ్ వెనక సముద్రం.
ఊరంతా వడగళ్లు పడ్డ రోజు కూడా అక్కడ ఎండే.
అతను తల తిప్పినప్పుడు మెడ సందులో
అమీర్‌పేట హాస్టల్ మంచం ఇనుపకాలు ఒకటి బయటపడుతుంది,
మళ్లీ అలొచ్చి కప్పేస్తుంది.

మేనేజర్ సుధాంశు గారి వెనక పుస్తకాలు.
కొండాపూర్, పద్నాలుగో అంతస్తు.
రెండో అరలో ఎడమ నుంచి ఐదోది తలకిందులుగా ఉంటుంది.
రెండేళ్లుగా అట్లాగే ఉంది.
నా అప్రైజల్ మాట్లాడుతున్నంతసేపూ
మెడ వంచి దాని పేరు చదవాలని చూశాను.
శ్రద్ధగా వింటున్నావు, గుడ్, అన్నారాయన.

మొన్న జూన్‌లో, మొదటి పెద్ద వాన రోజు,
నేను నెల లెక్కలు చెబుతుండగా
నల్లా వచ్చిందని కిందనుంచి ఎవరో అరిచారు.
బిందె పట్టుకుని ఉరికిన మా చిన్నోడి కాలికి
చీర అంచు చుట్టుకుంది.
క్లిప్పులు ఎగిరాయి.
మరక కనపడింది, పచ్చిగా, పోయినేటికన్నా పెద్దగా.
అంతటితో ఆగినా బాగుండేది.
తాడు లాగిన లాగుడుకు బీరువా తలుపు తెరుచుకుంది.

తలుపుకు నిలువుటద్దం.

నా వెనక ఏముండాలో మూడేళ్లు చూసుకున్నాను,
నా ముందు ఏముందో కూడా కనపడుతుందని అనుకోలేదు.
అద్దంలో
నైట్ డ్యూటీ చేసొచ్చి నోరు తెరిచి నిద్రపోతున్న మా ఆయన,
పొంగడానికి తయారుగా పాలు,
చాట ముందేసుకుని వెల్లుల్లి ఒలుస్తున్న అత్తమ్మ.

పదకొండు గళ్లలో ఎవరూ కదల్లేదు.
తెర మీద తనను తాను చూసుకుని
ముందు కొంగు సర్దుకుంది అత్తమ్మ.
తర్వాత ఆ వెల్లుల్లి చేతులతోనే
అందరికీ దండం పెట్టింది.
సుధాంశు గారు గొంతు సవరించుకుని
తర్వాతి స్లైడ్ అన్నారు.
తిరిగి దండం పెట్టింది ఆ మెల్‌బోర్న్ మనిషి ఒక్కతే,
వేళ్లు సరిగ్గా కలవలేదు.

రాత్రి దిల్షాద్ మెసేజ్:
"వైట్ సిమెంట్ పెట్టకు, దండగ.
పైన ట్యాంకు పైపు ఓనరుకు చూపించు."
కింద ఒక ఫొటో.
మసక లేని టోలీచౌకి.
అదే మరక,
కొంచెం ఎడమకు వాలి.

తెల్లారి చీర మళ్లీ కట్టాను.
చిరిగిన చోట అత్తమ్మ కుట్టేసింది,
ఒక గొల్లభామ కుండ వంకరైంది,
ఒలికేటట్టుంది గానీ ఒలకదు.
కాల్ మొదలైంది.
రెండో అర, ఎడమ నుంచి ఐదోది.
ఇవాళైనా చెబుదామని నోరు తెరిచి
చెప్పాను కూడా.
అప్పుడు చూశాను, మ్యూట్‌లో ఉన్నాను.
ఇంకోసారి చెప్పలేదు.