సాత్‌బారా

సిరోంచ తహసీలు ముందర నా దుకాణం.
ప్రింటరు ఒకటే, సిరాలు రెండు.
అట్టడబ్బాల కంపెనీది తొమ్మిదివందల యాభై,
చంద్రపూర్ బస్సుల వచ్చే సీసా నూటముప్పై.
సూదితో ఎక్కిస్తే
అన్నం కలిపిన చెయ్యి కూడా నల్లగనే ఉంటది.

మొన్న ప్రాణహిత దాటంగ వాన.
కొండగొర్ల బానయ్య జేబుల సాత్‌బారా తడిసింది.
గట్ నంబరు కారి పేరుల కలిసింది,
పేరు కారి అంగీకి అంటింది.
తలాఠీ ముద్ర మాత్రం చెక్కుచెదరలే.

నాది సీసా సిరా. నోరెత్తలే.

అప్పట్నుంచి అడుగుతున్న:
"ఆఫీసుల ఇచ్చేదా, ఇంట్ల దాచుకునేదా?"
ఇచ్చేదానికి సీసా,
దాచేదానికి కంపెనీ.
ఏదైనా పది రూపాయలే.

బానయ్య మళ్లొచ్చిండు.
"మంచిది వాళ్లకే కొట్టు బిడ్డా.
నా చేను నాకెరుకే,
మర్చిపోయేది వాళ్లు."