చుట్ట

మూంటా దాటాక, వాలరూ రేవు దారిలో
మూడో రేకుల షెడ్డు మాది.
బార్లీ కోతకి పది రోజులుందనగా
లోర్నా ట్రెజెన్నా తన లారీని
తన్నే గేదెని తోలుకొచ్చినట్టు
తిట్టుకుంటూ తోలుకొచ్చింది.

"రెండు పనులు," అంది, రెండు వేళ్ళు చూపించి.
"ఇసక చేలో టైర్ల గాలి తీయాలి,
తారు రోడ్డెక్కితే మళ్ళీ కొట్టాలి,
రోజుకి పదకొండు ట్రిప్పులు.
ఇంజనుకే ఒక కంప్రెసర్ కట్టు.
రెండోది ఆ ఆయిల్ ఫిల్టరు. స్టీరింగ్ బాక్సు కింద
పిల్లి చెయ్యి కూడా దూరదు. బయటికి లాగు."

మొదటిది నాకు తెలిసిన విద్యే.
పాత కారు ఏసీ కంప్రెసరు,
తన నూనె తన కడుపులోనే దాచుకునే రకం,
తుక్కులో నలభై డాలర్లకి దొరికింది.
విత్తనాల యంత్రం పలక కోసి బ్రాకెట్ చేశాను.
పద్నాలుగు వందల చుట్ల దగ్గర వణికింది,
పదిహేనుకి పాడింది,
పదహారుకి పగిలింది.
ఆటోనగర్లో నాకు పని నేర్పిన సుభానీ మేస్త్రి
పక్కనుంటే ఒకటే అనేవాడు:
"బెల్టు కాదే అమ్మడూ, నీ చూపు వంకర."
దారం పట్టి చూశాను. మూడు మిల్లీమీటర్లు.
రెండో బ్రాకెట్‌కి ఒక కాలు ఎక్కువ పెట్టాను.

ఫిల్టర్ కోసం వెల్లకిలా కిందికి జారాను.
కంపెనీ డబ్బా పక్కనే ఇంకోటి,
సన్నటి రాగి గొట్టంతో ఇంజనుని చప్పరిస్తూ.
ఎర్ర రంగు పెచ్చులూడిన, మంటలార్పే సిలిండరు.
నడుముకి కోసి, మూతకి మరలు తిప్పారు.
విప్పితే లోపల
మరుగుదొడ్డి కాగితం చుట్ట.

నాకు నవ్వొచ్చింది. లోర్నాకి రాలేదు.
"మా అన్న జోవన్ చేశాడు. ఐదు వేల కిలోమీటర్లకో చుట్ట.
లెక్క మా షెడ్డు గోడ మీదుంది, బొగ్గు గీతలు.
ఇప్పుడు వేళ్ళు ముడుచుకుపోయాయి,
ఫోన్లో తిట్టడం వరకే."

చుట్టని పళ్ళెంలో నిలబెట్టాను.
పై ముఖం మాడిన అట్లపెనం.
కింద ముఖం మాత్రం తేనె రంగు.
నలుపంతా కత్తితో గీకి, కిరసనాయిల్లో కడిగి,
అయస్కాంతం తిప్పాను.
ఇనుప నూగు లేచి అంటుకుంది.
లేవనిది అడుగున మిగిలింది:
కంసాలి వీధి కాలవ మట్టిని
తెల్లారేదాకా కడిగితే తేలేటంత పసుపు మెరుపు.

బంగారమైతే బాగుండేది.
కంచు.

ఇంజను వేసి, పొడుగు స్క్రూడ్రైవరు కొన బ్లాకుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకున్నాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, మామూలే.
ఐదు దగ్గర
మూసిన తలుపు వెనక ఎవరో
వేలి కణుపుతో తట్టినట్టు.
పిస్టన్ పిన్ను బుష్షు.

"కోత అయ్యేదాకా ఆగుతుందా?"
"ఆగొచ్చు."
"ఆగొచ్చు అంటే?"
"ఆగకపోవచ్చు కూడా."
ఆమె బార్లీ వైపు చూసింది. ఇక్కడినుంచి అది కనపడదు.

ఛాసిస్ మీదికి కొత్త ఫిల్టరు తెచ్చాను, రెండు హోసులతో.
మంచిదే. మురికంతా మింగుతుంది,
కానీ ఏం తిన్నదో రేకు కోస్తే తప్ప చెప్పదు.
అందుకే దాని పక్కన జోవన్ డబ్బాని కూడా
ఉతికి, కొత్త రబ్బరు వేసి, బిగించాను,
గరిట తిప్పినంత తేలిగ్గా తెరుచుకునేలా.

సాయంత్రం తొలిసారి గాలి ఎక్కింది.
టైర్లు ఒక్కొక్కటే మోకాలి మీద చెయ్యేసి లేచినట్టు లేచాయి.
గొట్టం చివర తెల్ల గుడ్డ పెట్టి చూశాను, నూనె తుంపర లేదు.

లోర్నా ఫోను నా చెవి దగ్గర పెట్టింది.
అవతల గరగరమనే గొంతు,
హలో లేదు, పేరు లేదు:
"పూలబొమ్మలున్న చుట్ట కొనకు. రంగు దిగుతుంది.
ఐదోది ఇంకా తడుతోందా?"

అతనికి ముందే తెలుసు.
ఇంజను ఆపకుండా
ఫోనుని బ్లాకు దగ్గరికి తీసుకెళ్ళి
అలాగే పట్టుకున్నాను.