బూడిద పట్టీ

బతూమి రేవులో ఆ వారమంతా వాన.
తూకం గదిలో ప్రింటరు ఎందుకు మొరాయిస్తోందో చూద్దామని
తీగకు ఒక పెట్టె తగిలించి, మరిచిపోయాను.
పెట్టె మరవలేదు.
వచ్చిందీ పోయిందీ
ఊరూ పేరూ అడక్కుండా మింగుతూ కూర్చుంది.

పదకొండో రోజున నజీబ్రోలా వచ్చింది,
గొడుగైనా మడవకుండా.
హేజెల్‌నట్ బస్తాలు నలభై మాయం చేశాడని
జుంబెర్ మీద కేసు.
తూకం చీటీ ఫోటో తీసి ఆ రాత్రే పంపానంటాడు అతను.
పంపిన కంప్యూటరు తుడిచేసి ఉంది.
అందుకోవాల్సిన ఆఫీసు అందలేదంటోంది.
"మధ్యలో దారి ఉందిగా, దాన్ని అడుగు" అంది.

దారిని అడిగాను.

ఫైలు ఫైలుగా ప్రయాణం చేయదు.
చింపిన ఉత్తరంలా ముక్కలై,
నుదుటిన వరుస సంఖ్య రాసుకుని బయల్దేరుతుంది.
ఏడు కంటే ముందు తొమ్మిది చేరుతుంది.
పన్నెండు దారి తప్పి, మళ్ళీ పుట్టి, రెండుసార్లు వస్తుంది.
బడిపిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టినట్టు
నిలబెట్టుకుంటూ పోయాను.

పాతకాలపు పంపకం. తాళం లేదు, తెర లేదు.
జుంబెర్ పాస్‌వర్డు కూడా బట్టబయలు:
తన కుక్క పేరు. చదవనట్టు నటించాను.

ఎఫ్ ఎఫ్ డీ ఎనిమిది, బొమ్మ ఇక్కడ మొదలు.
ఎఫ్ ఎఫ్ డీ తొమ్మిది, ఇక్కడితో సరి.
ఆ రెంటి మధ్యా కోసి, పేరు పెట్టి, తెరిచాను.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
సగమే కదిలింది.
తడి నేల, తూకం యంత్రం,
చీటీ అంచు పట్టుకున్న బొటనవేలు, దాని నల్లబడ్డ గోరు.
తేదీ ఉంది. సంతకం ఉంది.
బస్తాల లెక్క ఉండాల్సిన చోట
వేలెడు వెడల్పున బూడిద పట్టీ.
దాని కింద రంగులు చెదిరి
బొమ్మంతా పక్కకు ఒరిగింది.

రాత్రి రెండుంబావుకి నా పెట్టెకు ఊపిరాడలేదు,
మూడు ముక్కలు జారవిడిచింది.
అవి చేరాల్సిన చోటికి చేరే ఉంటాయి.
నాకే చేరలేదు.

పక్క బల్ల ముర్తాజ్ నా భుజం మీదుగా చూసి
"అక్కడో అంకె వేసెయ్యలేవా?" అన్నాడు మెల్లగా.
వేయగలను.
నా భయమూ అదే.
బూడిదను బూడిదగానే ఉంచాను.

బొమ్మ నడిచిన దారి పక్కనే ఇంకో సన్నటి దారి,
మాటలు మాత్రమే నడిచేది.
అందులో అవతలి యంత్రం ఇచ్చిన జవాబు దొరికింది:
రెండు వందల ఇరవై ఆరు. బదిలీ పూర్తయింది.

అందలేదన్న ఆఫీసే
అందిందని చెప్పి ఉంది,
ఆ రాత్రే, ఎవరూ ప్రమాణం చేయించకముందే.

నజీబ్రోలా ఆ వరుసను వేలితో తాకి చూసింది.
గొడుగు చుక్కలు నా కీబోర్డు మీద పడుతున్నాయి.
ప్రింటరు సంగతి
ఇంకా తేలలేదు.