కిలో రెండు వేలు

బంజారాహిల్స్ షాపులో కుర్రాడు
ఒక ఐరన్ నా చేతికిచ్చి
తెర మీద బంతి వేగం చూపించాడు.
ధర మాత్రం తెర మీద లేదు.
అడిగితే, "సెట్టుకి తొంభై రెండు వేలు సార్, ఈఎంఐ ఉంది" అన్నాడు.
ఇరవై రెండేళ్లుగా బాలానగర్‌లో
లేతు మీద ఇనుముకి పొట్టు తీస్తున్నవాణ్ణి,
ఇనుముకి వాయిదాలు కట్టడం
నామోషీ అనిపించింది.

ఈ పిచ్చి అంటించింది లింబాద్రి,
నయాఖిలా గోడల కింద కేడీ.
ఎవరో సారు కోపంలో బండకేసి బాది
మెడ వంచేసిన కర్రని
ఒకనాడు నా వైసు దగ్గరికి తెచ్చాడు.
సరిచేసి, డబ్బులొద్దన్నాను.
అప్పు ఉంచుకునే మనిషి కాదు.
ఓ ఆదివారం షెడ్డు వెనక ఖాళీ జాగాలో
పట్టు నేర్పాడు:
"ఇరానీ చాయ్ గిలాస తీర్గ పట్టాలె అన్నా.
జారొద్దు, కాలొద్దు."

గురువారం సగం రోజు లీవు పెట్టి
ఇద్దరం జుమేరాత్ బజార్‌కి పోయాం.
గొంతు పోయిన మిక్సీలు, ఒంటి చెప్పులు,
ఎవరివో పెళ్లి ఆల్బమ్‌లు,
వాటి నడుమ గోనెపట్టా మీద
తలలన్నీ ఒకే పక్కకి తిప్పి పడుకున్నాయి
ఏడు ఐరన్లు,
నాలుగో నంబరు మొదలు పిచింగ్ వెడ్జి దాకా.

నాకు వచ్చిన చదువు నేను చదివాను.
గోటితో మీటి విన్నాను.
పోత ఇనుము ముక్కుతో మాట్లాడుతుంది,
సాగగొట్టింది గొంతుతో.
ఇవి గొంతుతోనే పలికాయి.
గాడులు అరిగాయి గానీ అంచులు చెదరలేదు.
ఏడో నంబరు మొహాన అరుగుదల
రూపాయి బిళ్లంత, సరిగ్గా నట్టనడుమ.
"కొట్టినవాడికి చెయ్యి తెలుసు" అన్నాను.

లింబాద్రి పలకలేదు.
ఎనిమిదో నంబరు తీసి
మడమ దగ్గరి గంటు మీద
బొటనవేలు ఆనించి చాలాసేపు ఉంచాడు.
ఏడింటినీ కట్టగట్టి ఎడమ భుజాన వేసుకుని
నాలుగడుగులు నడిచాడు.
గౌసుద్దీన్ "అరే, పైసల్!" అని అరిచేసరికి
వెనక్కి తిరిగాడు.
"గివే.
తొమ్మిదేండ్లు మోసిన.
గీ గంటు పదకొండో హోలు కాడి బండది.
సెట్టు మంచిదే అన్నా.
సారే మంచోడు కాదు."

అంతకుమించి చెప్పలేదు, నేనడగలేదు.

గౌసుద్దీన్ తొమ్మిదిన్నర వేలతో మొదలెట్టాడు.
విలాయతీ మాల్ అన్నాడు, పెద్ద డాక్టరింటి సామాను అన్నాడు.
పట్టు రబ్బర్లు ఎండి పగిలాయన్నాను,
ఆరోది మిగతావాటి వరసలో లేదన్నాను,
లేచి చెప్పులేసుకున్నాను.
పిలుస్తాడని తెలుసు. పిలిచాడు,
కాకపోతే నేననుకున్న దానికంటే ఆలస్యంగా.
ఆరు వేలు.
చిట్టీ డబ్బులో కొత్త రబ్బర్లకి ఇంకో రెండు పక్కన పెట్టుకున్నాను.
లింబాద్రి చేతిలో ఐదొందలు పెట్టబోతే
"చాయ్ తాపియ్యి, సాలు" అన్నాడు.

బస్సులో కట్ట అందుకోబోయాను. ఇవ్వలేదు.
సీటు దొరికినా కూర్చోలేదు.
మెహిదీపట్నంలో దిగేటప్పుడు ఇచ్చి,
ఎడమ భుజాన్ని ఒకసారి దులుపుకున్నాడు,
దుమ్ము లేకపోయినా.

ఇంట్లో సుభాషిణి ఏమీ అనలేదు.
పాత పేపర్లవాడు మోసం చేస్తున్నాడని
తను కొనుక్కున్న కొక్కెం కాటా తెచ్చి
కట్టని దానికి తగిలించింది.
ముల్లు మూడు దగ్గర ఆగింది.
"కిలో రెండు వేలు" అంది.
"మటన్ కూడా ఇంత లేదు."
గొంతుతో మాట్లాడే ఇనుము గురించి చెప్పబోయి
పప్పులో ఉప్పు బాగుందన్నాను.

మర్నాడు షిఫ్టు అయ్యాక
ఆరోదాన్ని వైసులో బిగించి కోణం కొలిచాను.
రెండు డిగ్రీలు తేడా.
మెత్తటి ఇనుము, బతిమాలితే వంగింది.
పక్కనే ఆకురాయి ఉంది,
గంటుని నున్నగా రుద్దడానికి రెండు నిమిషాలు చాలు.
ఎనిమిదోదాన్ని ఒకసారి వెలుతురులో తిప్పి చూసి
మిగతావాటి పక్కన పెట్టేసి
లైటు తీశాను.